నాయనమ్మ పాదాలకి చాలని బొంత

చనిపోయిన మనిషి ముందు కూడా పరువు తీసే బొంత ఒకటి నా చేత్తో కుట్టాను. మీరు నవ్వుకోవచ్చు. మా ఇంట్లో మాత్రం ఇంకా ఎవరూ నవ్వలేదు.

పాతపోస్టాఫీసు దగ్గర మాది బట్టల కొట్టు. కొలిచేటప్పుడు బొటనవేలు మందాన గుడ్డ మిగుల్చుకునే విద్య నాకు నాయనమ్మే నేర్పింది. మనిషి దీపస్తంభమంత పొడుగు. మంచాన పడ్డాక ఆమె పాదాలు ఎప్పుడూ చల్లగానే ఉండేవి. తాతయ్య పాత పంచెలతో బొంత కుట్టి, ఆయన పెళ్లినాటి పట్టుపంచెను అంచుగా వేయమంది.

"అది కప్పుకునే పోతానే," అంది.

అంచు మూలల్ని పటం చట్రంలా ఏటవాలుగా కలపాలి. దానికి ప్రతి అంచు ముక్కా బొంత పక్కకన్నా రెండు చివర్లా జానెడు చొప్పున ఎక్కువుండాలని ఫోన్‌లో వీడియో పెట్టిన ఆవిడ చెప్పింది. ఆవిడే గుడ్డలూ అమ్ముతుందట. ఇంకేం, నాలోని కొట్టు బుర్ర మేలుకుంది. సరుకు అమ్ముకునే మాటలు మనకి తెలియనివా? పక్క ఎంతో ముక్కా అంతే కోశాను. మిగిలిన పట్టుతో నాకు జాకెట్టు కుట్టుకున్నాను.

తీరా అంచు వేసి చూస్తే నాలుగు మూలలూ బోసినోళ్లలా తెరుచుకున్నాయి. మడవడానికి గుడ్డ లేదు. ఇంకో పెళ్లిపంచె తెద్దామంటే, తాతయ్య ఒక్కసారే పెళ్లి చేసుకున్నాడు. చివరికి కుట్లు విప్పి, అంచు సరిపోయేదాకా బొంతనే చుట్టూ జానెడు కోసేశాను. మూలలు అద్దంలా కుదిరాయి. గర్వంగా కొత్త జాకెట్టు తొడుక్కుని, నాయనమ్మకి కప్పాను. పాదాలు బయటే ఉన్నాయి.

ఆమె బొంతనీ నన్నూ మార్చి మార్చి చూసింది.

"కొలత కొయ్యడం నా దగ్గరే నేర్సుకుని నా మీదే సూపించీసేవేటే? నా కాళ్లకి రావాల్సింది నీ ఈపుకి పోయింది."

ఆ చలికాలమంతా మోకాళ్లు ముడుచుకునే పడుకుంది.

పోయిన రోజు మాత్రం ముడుచుకోలేదు. మా అత్త బొంతను కిందికి లాగితే ముఖం, పైకి లాగితే పాదాలు. అందరి ముందూ అలా లాగుతూనే ఉంది.

"ఎవలే ఇది కుట్టింది?" అనడిగింది.

నేను లోపలికి వెళ్లి, జాకెట్టు చేతులు రెండూ కత్తిరించి తెచ్చి నాయనమ్మ పాదాలకి తొడిగాను. అత్త బొంతను ముఖం దాకా లాగి వదిలేసింది. పట్టు మేజోళ్లతో వెళ్లిన మనిషి మా వీధిలో ఆమె ఒక్కతే.

చేతుల్లేని ఆ జాకెట్టు మీద ఒట్టు. ఇక ఈ జన్మలో మూలకి ఎవరెంత గుడ్డ అడిగినా బేరమాడను.