తాళాల చప్పుడు

మా పాపకు పుట్టుకతోనే వినపడదు. గట్టిగా ఏడ్చినా, పరుగెత్తినా ఉన్నట్టుండి పడిపోయేది. పొలాల కోసం వలసొచ్చి కట్టుకున్న మా క్యాంపులో అందరూ మూర్ఛ అనే అన్నారు. "గిది ఫిట్సే, చేతుల తాళాలు పెట్టు బిడ్డా" అనేది మస్కి ఊరి నుంచి కలుపు తీయడానికొచ్చే అవ్వ. పెట్టేదాన్ని. పాప కళ్లు తెరిచేసరికి పిడికిట్లో నా తాళాల గుత్తి ఉండేది.

చెవి ఆపరేషన్‌కు ముందు తీసిన ఈసీజీలో అసలు సంగతి బయటపడింది. చెవుడూ, గుండె లయ తప్పడమూ ఒకే జబ్బట. మా ఇద్దరి నుంచే వచ్చిందట. అది విన్నాక మా ఆయన నాతో మాట్లాడడమే తగ్గించాడు. నాట్ల వంక పెట్టి ఆసుపత్రికీ రాలేదు. గుండెకు మందులు వాడాక ఆపరేషన్ క్షేమంగానే జరిగింది.

చెవికి అమర్చిన వినికిడి మిషన్ మొదటిసారి ఆన్ చేసిన రోజు డాక్టరమ్మ, "పాప బెదరకుండా, ఇంట్లో రోజూ ఉండే చప్పుడేదైనా మెల్లగా చెయ్యమ్మా" అంది. నడుముకు దోపుకున్న తాళాల గుత్తి తీసి, పాప వెనక నిలబడి కదిపాను.

పాప తిరిగి చూసింది. డాక్టరమ్మ ముఖం వెలిగిపోయింది.

పాప తాళాల వంక చూసింది, నా వంక చూసింది. తర్వాత బుద్ధిగా నేల మీద పడుకుని, కళ్లు మూసుకుని, అరచెయ్యి చాపింది.

ఆటనుకుని గదిలో అందరూ నవ్వారు.