దూదిలో దొరికిన పసుపు పలుకు

కాలేజీలోని ఖనిజాల గదికి ముప్పయ్యేళ్లుగా అటెండరు ఆయనే. అందరూ ముక్కుగారనే పిలుస్తారు. అసలు పేరు హాజరు పట్టీలోనే మిగిలిపోయింది. బొగ్గు దిమ్మ మీద చిటికెడు రాతిపొడి పెట్టి, ఊదుగొట్టంతో మంట ఊది, ఒక్కసారి గాలి పీల్చి "ఇందులో ఆర్సెనిక్ ఉంది సార్" అనేవారు. ప్రొఫెసరు పుస్తకం తెరిచేలోపే తీర్పు వచ్చేసేది.

కిందటి చలికాలం జ్వరం వచ్చి పోయింది. పోతూ పోతూ వాసనలన్నీ మూట కట్టుకుపోయింది. పక్కనే పాలు మాడినా ఆయనకు తెలియడం లేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ముక్కు పనిచేయని ముక్కుగారికి ఆ గదిలో ఇక ఏం పని?

ఒక మధ్యాహ్నం బస్సు కండక్టరమ్మ ఒకామె యూనిఫాంతోనే అట్టపెట్టె పట్టుకుని, ముక్కుగారెవరని అడుగుతూ వచ్చింది.

"మా నాన్న గనిలో చేసేవారండీ. పోయేముందు 'ఇది మామూలు రాయి కాదు తల్లీ' అన్నారు. రాళ్లమ్మే ఆయనేమో ఉత్త కాల్సైటు, సున్నపురాయి జాతి అని తీసిపారేశాడు. మా నాన్న మాట నిజమో కాదో చెప్పండి, చాలు."

మూత తీయగానే ముక్కుగారు పెట్టె మీదికి వంగిపోయారు. తుప్పురంగు రాతి మీద పసుపుపచ్చ సూదులు గుత్తిగా విచ్చుకుని ఉన్నాయి. ఒక్క మొనా విరగలేదు. ఆ మొనల్లోనే ఉంది దాని విలువంతా. విరిగితే సేకరించేవాళ్లు కన్నెత్తి చూడరు. లెగ్రాండైట్, ఆర్సెనిక్ ఉండే అరుదైన ఖనిజం! ముప్పయ్యేళ్లలో ఆయన దాన్ని బొమ్మల్లోనే చూశారు.

"విరగ్గొట్టి చూడాలా?"

"అయ్యయ్యో! కన్ను పొడిచి చూపు పరీక్షిస్తామా అమ్మా?"

కిటికీ తెరలు దించి అతినీలలోహిత దీపం వేశారు. దీనికి తోబుట్టువులాంటి అడమైట్ అయితే చాలాసార్లు ఆకుపచ్చగా వెలుగుతుంది. ఇది నల్లగా ఉండిపోయింది.

"వెలగలేదే!" ఆమె మొహం చిన్నబోయింది.

"వెలగకపోవడమే మనకు కావాలి."

పెట్టెలోని దూది దులిపితే, రాతి అడుగునుంచి ఊడిన ఆవగింజలో సగమంత పసుపు పలుకు రాలింది. ఒక్కటే. ఒక్కసారే కాల్చగలరు. ఊరికే గాలి పీల్చి తలూపితే ఆమె నమ్మేస్తుంది. ఆయన ఊదుగొట్టం బల్ల మీద పెట్టేశారు.

"అమ్మా, నాకు వాసనలు తెలియడం మానేసి ఏడాది కావస్తోంది. మీరే చూడాలి."

"ముక్కుగారికి ముక్కు..." నవ్వబోయి, ఆయన కళ్లు చూసి ఆగిపోయింది.

ఏ వాసన రావాలో ఆయన చెప్పలేదు. కిటికీ బార్లా తెరిచి, "విషపు పొగ, ఒక్క పీల్పే" అని మంట ఊదారు. సన్నటి తెల్లపొగ లేచింది.

ఆమె పీల్చింది.

"వెల్లుల్లి," అంది. "సెలవురోజుల్లో నాన్న చొక్కాకి ఈ వాసనే. పెరటి రేకుల కొట్లో బొగ్గులు రాజేసి ఏదో ఊదుతుండేవారు. 'ఇంట్లో తిండి వదిలేసి ఎవరింట్లో మెక్కొచ్చావయ్యా' అని అమ్మ దులిపేసేది!"

ఆర్సెనిక్ కాలితే వచ్చేది ఆ వాసనే. చదువుకోని గనిమనిషి, ఇదే పరీక్షని, ఇలాగే చేసేవాడన్నమాట!

పది రోజులకు, రాయిని విరగ్గొట్టకుండానే, ఎక్స్‌రే యంత్రం కూడా లెగ్రాండైట్ అనే చెప్పింది. "మీ ముక్కు ముక్కే!" అన్నారు ప్రొఫెసరు.

"నాది కాదు సార్," అన్నారాయన, నిజం చెప్పేసి. కండక్టరమ్మ ఆ గదిలోనే ఉంచమన్న రాయి పక్కన పెట్టే కార్డులో 'గుర్తించినవారు' అన్న చోట "ఒక గని కార్మికుడు" అని రాసి, సిరా ఆరేదాకా ఆ పసుపు సూదుల్నే చూస్తూ కూర్చున్నారు.