దూదికి చిక్కిన చీలిక

నా చిన్నప్పుడు సెలవులొస్తే మున్నేటి ఇసుకలో బాణాలు ఏరుకురావడమే నా పని. వేసేది పక్కింటి అక్క. పెనుగంచిప్రోలులో ఆడపిల్ల విల్లు పట్టడమేమిటని నవ్వినవాళ్ళు నవ్వారు. వాళ్ళ నాన్న మాత్రం ఒకటే మాటన్నాడు. నందిగామ పోటీల్లో నెగ్గితే క్రీడల హాస్టల్లో సీటొస్తుంది, చదువుకోవచ్చు. లేకపోతే బడి మాని మిరప కోతలకు రావాల్సిందే. ఆయన చెడ్డవాడేమీ కాదు. ఇంట్లో జరుగుబాటు అంతంతమాత్రం.

ఆ వెదురు విల్లు డ్రిల్లు మాస్టారు చేయించి ఇచ్చింది. అక్క దాన్ని పాత చీరముక్కలో చుట్టి దూలానికి వేలాడదీసేది. బాణం పెట్టకుండా నారి లాగి వదలకూడదని, వదిలితే ఆ దెబ్బంతా విల్లే తింటుందని నాకు వందసార్లు చెప్పింది. వాళ్ళ తాతయ్యకు కూడా చెప్పాలని ఎవరికీ తోచలేదు.

పోటీకి ముందురోజు మధ్యాహ్నం వత్సవాయి నుంచి చుట్టాలొచ్చారు. తాతయ్యకు మనవరాలంటే ప్రాణం. మా పిల్ల విల్లు చూడండంటూ దించి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి లాగి, వట్టి నారి వదిలేశాడు. ఇల్లంతా టంగుమంది. చుట్టాలు భలే అన్నారు. ఆయన మురిసిపోతూ దాన్ని మళ్ళీ వేలాడదీశాడు.

అప్పుడే నీళ్ళబిందెతో వచ్చిన అక్క గుమ్మంలో ఆగిపోయింది. తర్వాత నన్ను పెరట్లోకి పిలిచి, మా ఇంటి పత్తికుప్పలోంచి కాస్త దూది తెమ్మంది. విల్లు పొడుగునా దాన్ని మెల్లగా రాసింది. పిడికిలి పట్టేచోటికి కాస్త పైన పోగులు చిక్కుకున్నాయి. కంటికి ఆనని చీలిక.

"తాతకి చెప్పావంటే చంపుతా," అంది. మాస్టారి చేతా ఒట్టు వేయించుకుంది.

ఆ సాయంత్రానికి ఇంకో విల్లు ఎక్కణ్ణుంచి వస్తుంది? మాస్టారు పురికొస బిగించి చుట్టారు. నందిగామలో అక్క భయపడుతూ సగమే లాగింది. బాణాలు గురిదాకా పోకుండా నేలలో దిగాయి. ఇక లాభం లేదని ఆఖరి బాణానికి నారిని పూర్తిగా లాగింది. విల్లు ఫెళ్ళున విరిగింది. ఏడుస్తుందేమోనని చూశాను. ముక్కలు మాస్టారి చేతిలో పెట్టి బస్సెక్కింది.

అరుగు మీద ఎదురుచూస్తున్న తాతయ్యతో, "గాలి తిరిగింది తాతా, గురి తప్పింది. విల్లు సార్ తీసేసుకున్నారు," అంది.

"పోన్లే అమ్మా, వచ్చే ఏడు కొడుదువుగాని," అన్నాడాయన.

వచ్చే ఏడు ఎక్కడిది? ఆ వారమే అక్క బడి మానేసి మిరప చేలో దిగింది. తాతయ్య పోయేదాకా ఆ గాలినే తిట్టాడు.

అక్కది ఎంత మంచి మనసోనని అప్పట్లో పొంగిపోయేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది, ఆ వెంటనే ఏడుపొస్తుంది. తాతయ్య బాధపడకుండా అక్క అడ్డుపడింది. అక్కకెవరు అడ్డుపడ్డారు?

జగ్గయ్యపేటలో మా మనవరాలు ఇప్పుడు మెరిసిపోయే విల్లుతో నేర్చుకుంటోంది. ఓడి వచ్చి గాలి ఎక్కువగా ఉందంటే నేను నమ్మను. పక్కన కూర్చోబెట్టుకుని, ఏం జరిగిందో చెప్పేదాకా లేవనివ్వను. ఆ రోజు అక్కను వాళ్ళ నాన్న అలా ఒక్కసారైనా అడగలేదు.