కంపానియన్ గడి

కరోనా తగ్గిన ఏడాది వేసవి. గుంతకల్లులో రైల్వే పాసుల సెక్షన్‌లో గుమస్తాని నేను. రిటైరైనవాళ్లు ఉచిత ప్రయాణపు పాసు కోసం మా దగ్గరికి వస్తారు. ఆ ఫారంలో ‘కంపానియన్’ అని ఒక గడి ఉంటుంది. వయసు మీరి, ఇంట్లో ఎవరూ లేని మనిషి తన వెంట ఒకరిని తీసుకెళ్లడానికి అది. భార్య పోయింది, పిల్లల్లేరు అంటే చాలు, అడగకుండానే దానికి అడ్డగీత కొట్టేసేవాళ్లం. అలవాటు, అంతే.

నాగప్పకూ అలాగే కొట్టేశాను. పట్టాలు బాగుచేసే గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. ఒక కన్ను అప్పటికే పోయింది. రెండోదానికి సోమవారం సికింద్రాబాదులో ఆపరేషన్. వెంట మనిషి లేకపోతే చేర్చుకునేది లేదన్నారట.

“ఆ గీత ఏందమ్మా?” కాగితాన్ని ముక్కుకు ఆనించుకుని అడిగాడు.

“కంపానియన్ లేరని.”

“అంటే?”

“తోడు.”

“నా పెండ్లాం సచ్చిపోయి ఐదేండ్లాయె. గీత సరిగ్గానే కొట్టినావులే,” అని లేవబోయాడు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆయన మీద కాదు, నా మీదే. “కూర్చో పెద్దాయనా!” అని కసిరి, ఎప్పుడో ప్రమోషన్ పరీక్షకని కొన్న లావుపాటి డిక్షనరీ తీశాను. వెంట ఉండే మనిషి అని ఉంది. భార్యే కావాలనిగానీ, చుట్టమే కావాలనిగానీ ఎక్కడా లేదు. మాట పుట్టుక కూడా చదివి చెప్పాను. లాటిన్‌లో ‘కమ్’ అంటే కలిసి, ‘పానిస్’ అంటే రొట్టె. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చిందట. రొట్టె కలిసి తినేవాడే కంపానియన్.

“నువ్వు ఎవరితో కలిసి తింటావు?”

“ఎవురూ లేరు. గోడను చూసుకుంటా తింటాండా. ముందర ఓబన్న ఉండె. మా గ్యాంగే. పట్టాల పక్కన ఇరవై ఏండ్లు ఒకే గిన్నెలో సంగటి తిన్యాం.”

“ఇంకేం, రమ్మను.”

“యాడొస్తాడు? పట్టాల పని కాడ ఎర్రజెండా పెట్టలేదని ఎంక్వైరీ జరిగితే, వాని మీద సాక్షి సంతకం పెట్టినోన్ని నేనే. వాని ఇంక్రిమెంటు పాయె. అప్పుటినుంచి మాటల్లేవు.”

ఓబన్న ఉండేది దగ్గర్లోని విడపనకల్లులో. నంబరు నాగప్ప ఫోన్‌లోనే ఉంది. నేనే కలిపి చేతికిచ్చాను. “ఓబా, నేను... పాసుల ఆఫీసులో ఉండా. సోమవారం కంటి ఆపరేషనప్పా. తోడు మనిషి పేరు అడుగుతాండారు,” అన్నాడు. అవతల పెట్టేశారు. ముసలాయన ఫోను జేబులో వేసుకుని, తడుముకుంటూ మెట్లు దిగిపోయాడు. నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున ఆఫీసు తెరవగానే కిటికీ దగ్గర ఒక బక్కపలచటి ముసలాయన నిలబడి ఉన్నాడు.

“నాగప్ప పాసులో నా పేరు రాయి. ఓబన్న.”

“కోపం పోయిందా పెద్దాయనా?”

“యాడ పోతాది? అట్లే ఉండాది. కంటికి గుడ్డ కట్టినాక వానికి ముద్ద యాడుందో ఎవురు సూపించల్ల?”

కొట్టేసిన ఫారం చింపేసి కొత్తది నింపాను.

ఎవరితో తింటారని అడగకుండా మళ్లీ ఏ ఫారంలోనూ గీత కొట్టలేదు. వచ్చే ఏడు నేనూ రిటైరవుతాను. ఇన్నేళ్లూ అందరికీ వీపు తిప్పుకుని ఒక్కదాన్నే టిఫిన్ డబ్బా తెరిచినదాన్ని. నా ఫారంలో ఎవరి పేరు రాయాలో నాకింకా తెలియదు.