బల్ల ఊగుతోంది

మా అత్తయ్యకి ఊగే బల్ల కనిపిస్తే ఒళ్ళు మండిపోతుంది. బల్లే కానక్కర్లేదు. కుర్చీ, మంచం, స్టూలు, ఏదైనా సరే ఒక కాలు నేలకి ఆనకపోతే చాలు, మాట మధ్యలో ఆపేసి, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, ఎవరి ఇల్లో ఎవరి ఆఫీసో చూడకుండా దాని కిందికి దూరిపోతుంది. చేతిసంచీలో తాళంచెవులు వేసుకోవడం మర్చిపోతుంది గానీ, రకరకాల మందాల్లో తను చెక్కుకున్న చెక్క బిళ్లలు మాత్రం డజనుకి తగ్గకుండా పెట్టుకుంటుంది.

గ్రంథాలయంలో ఉద్యోగానికి చేరిన కొత్తలో నేను రెండేళ్ళు వాళ్ళింట్లోనే ఉన్నాను. కాబట్టి ఇదంతా ఎవరో చెప్పగా విన్నది కాదు. బ్యాంకు మేనేజరు ఖాళీ కుర్చీతో మాట్లాడుతుంటే పక్కన కూర్చుని కళ్ళారా చూశాను.

"మీ సంతకం పాతదానితో కలవడం లేదమ్మా," అన్నాడాయన కాగితంలోంచి తలెత్తకుండా.

"ఎలా కలుస్తుంది? మీ బల్ల ఊగుతోంది," అని కిందనుంచి జవాబొచ్చింది.

ఆయన అదిరిపడి కాళ్ళు రెండూ పైకెత్తేశాడు.

"అలాగే ఉంచండి బాబూ. వెలుతురు బాగా పడుతోంది," అంది అత్తయ్య.

నాతో పనిచేసే అమ్మాయి రిజిస్టరు పెళ్ళి చేసుకుంటూ, ఏమీ తెలియక, సాక్షి సంతకానికి మా అత్తయ్యని పిలిచింది. రిజిస్ట్రారు పుస్తకం తెరిచాడు. పెళ్ళికొడుకు కలం మూత తీశాడు.

"ఆగండి!" అంది అత్తయ్య.

గదిలో అందరి గుండెలూ ఒక్కసారి ఆగాయి. పెళ్ళికొడుకు తల్లి మొహం పాలిపోయింది. ఈవిడకి ఏం తెలిసింది, ఏం బయటపెట్టబోతోందని అందరూ ఆవిడ వంకే చూశారు.

"పెళ్ళి సంతకం ఊగే బల్ల మీద పెడతారా? బుద్ధుందా మీకు?" అని ఆవిడ కిందికి వంగింది. పది నిమిషాలు వధూవరులు కలాలు గాల్లో పట్టుకుని నిలబడ్డారు. రెండు బిళ్లలు చాల్లేదు. మూడోది పెట్టాక బల్ల కుదుటపడింది. ఆ జంట ఇప్పటికీ చిలకా గోరింకల్లా కాపురం చేసుకుంటున్నారు. ఆ ఘనత ఎవరిదని అత్తయ్యని అడిగి చూడండి, మూడో బిళ్ల మందం ఎంతో కూడా చెబుతుంది.

అత్తయ్య పెద్దాసుపత్రి ఆపరేషను గదిలో ముప్ఫై ఏళ్ళు నర్సుగా చేసింది. రిటైరైన మర్నాడే కారు షెడ్డులోంచి కారుని వీధిలోకి తోయించి, లోపల చెక్కపని మొదలుపెట్టింది. పాపం, కారు ఎండకి ఎండి వానకి తడిసేది. ఉలులూ, రంపాలూ, చిత్రికా మాత్రం స్టీలు ట్రేలో తెల్లగుడ్డ మీద వరసగా పడుకుని ఉండేవి. వాటిని అందించే పని మామయ్యది. ఆయన దుకాణాలకి బోర్డులు రాసి రాసి పేరు తెచ్చుకున్న మనిషి. స్కేలు పెట్టకుండా ఈ చివరినుంచి ఆ చివరిదాకా గీత గీస్తే తాడు లాగి కట్టినట్టుండేది.

"ఉలి!" అనేది అత్తయ్య, తల తిప్పకుండా చెయ్యి చాచి.

"ఏ ఉలి?"

"అరంగుళం ఉలి. పేషెంటుని పడుకోబెట్టి ఆలోచిస్తూ నిలబడితే ఎలాగండీ?"

"పేషెంటు కుర్చీ నర్సమ్మా. ఎక్కడికీ పారిపోదు."

"ముప్ఫై ఏళ్ళు డాక్టర్లు నామీద అరిచారు. ఇప్పుడు నా వంతు. ఇవ్వండి!"

వీధి వీధంతా విరిగిన కుర్చీలు మోసుకొచ్చేది. బాగుచేయడం సరే, దానితోపాటు వచ్చే చివాట్లు కూడా పట్టుకెళ్ళాలి.

"మూడు కాళ్ళూ కోసి పొట్టి కాలితో సమానం చేద్దామనుకున్నానండీ," అన్నాడోసారి ఎదురింటి కంపౌండరు, ఊగే బల్లనీ రంపాన్నీ మోసుకొచ్చి.

"కోస్తూ పోతే ఆఖరికి పై పలకే మిగులుతుంది. ముందు బల్లని పావు చుట్టు తిప్పి చూశావా? తిప్పితే ఊగడం ఆగిందంటే తప్పు నేలది. ఎటు తిప్పినా ఊగిందంటే తప్పు బల్లది. అప్పుడు కూడా కాలు జోలికి పోకు, అతుకులు చూడు. ఇదిగో, ఇది వదులైంది. మేకు కొట్టింది ఎవరు?"

"నేనేనండీ."

"చెక్క చీలింది, చూడు. అతుకు విప్పాలి. పాత జిగురంతా గీకాలి. కొత్త జిగురు పూసి, తాడు చుట్టి, తాడులో పుల్ల దూర్చి మెలితిప్పి బిగించాలి. ఆపైన ఒక రోజంతా దాన్ని ముట్టుకోకూడదు."

"రోజంతా ఎక్కడ కూర్చుని తినాలండీ?"

"నిలబడి తిను. పొట్ట తగ్గుతుంది."

ఇలాంటి మనిషి ఇంట్లో భోజనాల బల్ల ఊగడం మొదలుపెడితే ఎలా ఉంటుంది? రెండో ఏడు చలికాలంలో అదే జరిగింది. ఒక పొద్దున మామయ్య కాఫీ కప్పు ఎత్తాడు. కాఫీ పేపరు మీద ఒలికింది. వంటింట్లోంచి అత్తయ్య పరిగెత్తుకొచ్చింది.

"బల్ల ఊగుతోంది!" అని కిందికి దూరి టకటకమని కొట్టింది. మర్నాడు మళ్ళీ కాఫీ ఒలికింది, మళ్ళీ బల్ల ఊగింది. వారం తిరిగేసరికి ఆ బల్ల నాలుగు కాళ్ళ కిందా కలిపి పదకొండు బిళ్లలు చేరి, నా గడ్డం కంచానికి తగిలేంత ఎత్తుకి లేచింది.

"ఊరందరి బల్లలూ బాగుచేస్తావు. మనదేంటి అత్తయ్యా ఇలా?" అని ఏడిపించాను.

"మొండి కర్ర," అంది ఆవిడ, నా వైపు చూడకుండా.

మామయ్య ప్రతి ఆదివారం పార్కులో టీ కొట్టు దగ్గర పాత స్నేహితులతో కూర్చునేవాడు. ఆ మధ్య మానేశాడు. అడిగితే చలి అన్నాడు, మోకాలన్నాడు, చెప్పుల తాడు తెగిందన్నాడు. ఒక ఆదివారం అత్తయ్య ఆయన చెప్పులు తనే కుట్టించి తెచ్చి, "పదండి, నేనూ వస్తాను," అని బయలుదేరదీసింది. నన్నూ లాక్కెళ్ళింది.

స్నేహితులు ఏడుగురు ఉన్నారు. టీ వచ్చింది. మామయ్య చాలాసేపు కప్పు వంక చూస్తూ కూర్చుని, ఆఖరికి ఎత్తాడు. కప్పు సాసరుకి కొట్టుకుని గణగణమంది. సగం టీ బల్ల మీద పడింది. ఎదురుగా కూర్చున్నాయన, "ఏంట్రా, నీ చెయ్యి..." అంటూ ఉండగానే పార్కు దద్దరిల్లింది.

"బల్ల ఊగుతోంది!"

ఏడు తలలూ అత్తయ్య వైపు తిరిగాయి. ఆవిడ అప్పటికే కింద ఉంది. ఒకాయన వంగి, "అమ్మా, ఇది రాతి బల్ల. కాళ్ళు సిమెంటు పోసి నేలలో పాతారు," అన్నాడు.

"అందుకే ఊగుతోంది. ఎవడు పాతాడో వాడికి పని రాదు!" అని లోపలనుంచి టకటక మొదలైంది.

అందరూ పగలబడి నవ్వారు. టీ కొట్టతను కూడా గరిటె పక్కన పెట్టి చూడ్డానికొచ్చాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. నేను మామయ్యని చూస్తున్నాను. ఎవరూ తనని చూడకుండా ఉన్న ఆ రెండు నిమిషాల్లో ఆయన కప్పుని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, గుటక గుటకగా మిగతా టీ అంతా హాయిగా తాగేశాడు.

ఆ సాయంత్రం షెడ్డులో అత్తయ్యని పట్టుకున్నాను. చిత్రిక పడుతోంది. ఆపలేదు.

"డాక్టరుకి చూపించాం. ప్రాణానికి ముప్పేం లేదు, మాత్రలిచ్చాడు. వణుకు మాత్రం పూర్తిగా పోదన్నాడు," అంది. "ఆ చేతిని చూసి జనం ఇన్నాళ్ళూ భేష్ అన్నారే. ఇప్పుడు జాలిపడితే ఆయన గదిలోంచి బయటికి రాడు. నన్ను చూసి నవ్వితే నాకేం పోయింది? నాకు ఎలాగూ పిచ్చి అనే పేరుందిగా."

నేను నేరుగా మామయ్య దగ్గరికి వెళ్ళాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక, "మామయ్యా, ఆ రాతి బల్ల..." అన్నాను.

ఆయన నవ్వాడు. "వణికేది చెయ్యే అమ్మాయ్, బుర్ర కాదు. సిమెంటులో పాతిన రాయి ఊగదని నాకు తెలియదా?"

"మరి అత్తయ్యకి చెప్పలేదే?"

"చెబితే దూరడం మానేస్తుంది. ఈ వయసులో నాకోసం పార్కులో మోకాళ్ళ మీద పాకే మనిషిని ఎలా వదులుకోమంటావు?"

ఇద్దరి రహస్యాలూ నా ఒక్కదాని పొట్టలోనే ఉండిపోయాయి. నాకు అజీర్తి చేసేలా ఉంది. వారం తర్వాత భోజనాల దగ్గర, "మా గ్రంథాలయం బోర్డు వెలిసిపోయింది. మామయ్య రాయాలి," అనేశాను.

 మామయ్య చెయ్యి కిందికి దించుకున్నాడు. "గీత వంకర పోతుందమ్మాయ్," అన్నాడు మెల్లిగా.

"పోనివ్వండి. అక్షరాలన్నీ గుండ్రమే కదా, తిన్నటి గీత ఎక్కడుంది?" అన్నాను.

రెండు రోజులు ఆయన షెడ్డు వైపే రాలేదు. మూడో రోజు తనే షెడ్డులోకెళ్ళి, ఒక చెక్క పలక మీద పెన్సిలుతో అక్షరాలు గీశాడు. గీత వణికింది. ఒక్కో సున్నా చుట్టూ చిన్న చిన్న అలలు లేచాయి. అక్షరాలు కోయడానికి అత్తయ్య సన్న రంపం తీసుకుంది. వెంట్రుకవాసి తేడా ఓర్చుకోలేని మనిషి, సరిచేసేస్తుందనుకున్నాను. ఆవిడ సరిచెయ్యలేదు. గీత ఎక్కడ వంగితే రంపాన్ని అక్కడ వంచింది, ఎక్కడ ఉలిక్కిపడితే అక్కడ ఉలిక్కిపడనిచ్చింది. నాలుగు రోజులు పట్టింది. అంచులకి గరుకు కాగితం మామయ్యే పట్టాడు. ఆ పనిలో చెయ్యి ఎంత ఆడితే అంత నున్నగా వచ్చింది.

బోర్డు బిగించిన మర్నాడు గ్రంథాలయం ముందు జనం ఆగి చూడటం మొదలుపెట్టారు. ఆ అక్షరాలు గాలికి కదులుతున్నట్టు, ఇప్పుడే లేచి నడిచేట్టు ఉన్నాయి. ఒక దర్జీ లోపలికొచ్చి, "ఈ నీళ్ళలో నీడలా ఉండే రాత ఎవరిదండీ? మా కొట్టుకీ కావాలి," అన్నాడు. ఇంటికి పంపించాను. మామయ్య తనే కాగితం తీసుకుని ఆయన చెప్పిన చిరునామా రాసుకున్నాడట.

ఆదివారం ఇద్దరూ కొలతలకి బయలుదేరారు. అత్తయ్య గుమ్మంలో ఆగి ఆ కాగితాన్ని దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది, తలకిందులుగా చూసింది.

"ఏవండీ, ఇది వీధి పేరా, వాన కురుస్తున్న కిటికీయా?"

ఆయన చేతిని గురించి ఆవిడ పైకి అనడం అదే మొదలు. మామయ్య కాగితం లాక్కుని చూసుకున్నాడు. "నాకూ తెలియడం లేదు నర్సమ్మా," అని పడీ పడీ నవ్వాడు. ఆవిడా నవ్వింది. నవ్వుకుంటూనే వీధి మలుపు తిరిగారు.

చీకటి పడేవేళకి కాళ్ళీడ్చుకుంటూ తిరిగొచ్చారు. దర్జీ కొట్టు దొరకలేదుట. దారి అడిగిన మందుల షాపతనూ, సైకిళ్ళు బాగుచేసే ఆయనా మాత్రం తమకి కూడా చెరో బోర్డు చేసిపెట్టమన్నారట.