ఇసుకకీ ఇనుముకీ ఒకే టైరు

తుపాను వెళ్లిపోయిన మర్నాడు ఉదయం ఐదున్నరకి సహాయ పనుల కోసం మా సైనిక దళం విశాఖపట్నంలో దిగింది. గాలి లేదు. సముద్రం ఇంకా బురద రంగులోనే ఉంది. నేను ఎడారి పోస్టింగు నుంచి నేరుగా వచ్చాను, బూట్ల కుట్లలో రాజస్థాన్ ఇసుక అలాగే ఉంది. మాది తగరపువలస. ఇంటికి గంట దూరం, కానీ వెళ్లడానికి వీల్లేదు. సొంత ఊరికి డ్యూటీ మీద రావడం కలలో తిరుగుతున్నట్టుంటుంది, చెబితే మీరు నమ్మరు. చుట్టూ నా యాస, ఒంటిమీద యూనిఫాం.

నాకప్పగించిన పని ఒకటే. దక్షిణాన తీరంలో ఒక జాలర్ల పల్లె. దారిలో గెడ్డ, అంటే వాగు, దాని మీద వంతెన కొట్టుకుపోయింది. పల్లెలో పోలమ్మ అనే ఆవిడకి రోజు విడిచి రోజు డయాలసిస్ చెయ్యాలి. ఆస్పత్రి సీతమ్మధారలో. ఒక్కసారి తప్పినా ఊపిరాడదు. సముద్రం వెనక్కి తగ్గే ఆటు వేళ గెడ్డ నీళ్లు పలచబడతాయి. అప్పుడు ఒడ్డు ఇసుక మీద వెళ్లి, పోర్టు వెనక రోడ్డెక్కాలి.

మా లారీలు ఇసుకలో దిగబడ్డాయి. ఒక కాంట్రాక్టరు తన పెద్ద పికప్ ఇచ్చాడు, నాలుగు టైర్లూ అరిగి బోడివైనవే. మొదటి రోజే కూరుకుపోయింది. పల్లె పల్లెంతా భుజాలు ఆనించి పడవను తోసినట్టు తోశారు. ఆస్పత్రికి చేరేసరికి పోలమ్మ పెదాలు నల్లబడ్డాయి. సరిహద్దులో కూడా నేనంత భయపడలేదు.

ఆ సాయంత్రం వైర్‌లెస్‌లో నా పై అధికారి సుబేదార్ సాబ్. ఆయన హిందీని తెలుగులో చెబుతున్నాను.

"టైర్లు మార్చు. ఓవర్."

"ఏ రకం సాబ్?"

"డ్రైవర్ నువ్వా, నేనా? ఓవర్."

మర్నాడు వన్‌టౌన్‌లో మస్తాన్ భాయ్ టైర్ల కొట్టుకి వెళ్లాను. పోలమ్మ భర్త నూకరాజు కూడా వచ్చాడు. భాయ్ ముందుగా బురదలో నడిచే మడ్ టైరు ఒకటి దొర్లించాడు. దాని మీద పెద్ద పెద్ద బటన్లు, గుబ్బల్లా. నూకరాజు మొహం వెలిగిపోయింది.

"ఇదే తీసీ బావా! పులి పంజానాగుంది."

"ఇది ఇసకని తవ్వేత్తాది. బండి గొయ్యి బండే తీసుకుంటాది," అన్నాను. యాస ఎప్పుడు తిరిగొచ్చిందో నాకే తెలీలేదు.

నున్నటి రోడ్డు టైరూ వద్దన్నాను. పోర్టు రోడ్డు నిండా తుక్కు లారీల నుంచి రాలిన ఇనుప ముక్కలే. ఇసుకకీ ఇనుముకీ ఒకే టైరు కావాలి. భాయ్ ఏ నేల మీదైనా నడిచే ఆల్ టెరైన్‌లో రెండు రకాలు తెచ్చాడు. ఒకటి బిరుసు, రెండోదాని పక్కలు కాస్త మెత్తన. రెండింటినీ రిమ్ములకెక్కించి, గాలి సగం తీయించి, మోకాలితో నొక్కాను. బిరుసుది కదల్లేదు. మెత్తనిది పరుచుకుంది. అదే ఇమ్మన్నాను.

నూకరాజుకి ఒళ్లు మండింది. "మెత్తందా! నా ఆడదాని పానం దాని మీదుంది బావా!"

"అందుకే. ఇసకలో గాలి తీత్తాను. టైరు ఎడల్పయ్యి దిగబడదు. రోడ్డెక్కాక మళ్లీ నిండా కొడతాను."

"ఫౌజీ మాట విను," అన్నాడు భాయ్. "పంచరైతే నా కొట్టుకే వత్తాడు, నాకే ఫాయిదా!"

తరువాతి ప్రయాణం మర్నాడు ఉదయం ఆరుంపావుకి. నేను గాలి తీస్తుంటే నూకరాజు నెత్తి కొట్టుకున్నాడు. "కొత్త టైర్లు రా నాయనా!" పోలమ్మ నా పక్క సీట్లో కళ్లు మూసుకుంది. బండి కదిలింది. తడి ఇసుకలో ఆకాశం కనబడుతోంది. దాని మీదుగా చప్పుడు లేకుండా పోతున్నాం. గెడ్డ సముద్రంలో కలిసే మొగలో పొడి ఇసుక మేట దగ్గర బండి వెనకభాగం ఊగింది. యాక్సిలరేటరు పెంచలేదు, తగ్గించలేదు. దాటేశాం. వెనక నుంచి నూకరాజు వేసిన కేకకి కొంగలు లేచిపోయాయి. రోడ్డు మీద గాలి నింపాం. ఏడున్నరకి ఆస్పత్రి.

వంతెన కట్టేదాకా ఒక్క ట్రిప్పూ తప్పలేదు. నాకు వెనక్కి రమ్మని ఆర్డరొచ్చిన రోజే చివరి ట్రిప్పు. ఆస్పత్రి నుంచి సాయంత్రం ఆటుకి తిరిగొస్తున్నాం. సముద్రం ఆవిడ కిటికీ వైపు.

"బాబూ, ఇంకనుంచి రోడ్డు మీదే ఎల్లాలంట. ఇయాల సిన్నగా పోనీ."

పోనిచ్చాను. ఆవిడ ఎడమ చెయ్యి కిటికీలోంచి చాపింది. మోచేతి దగ్గర కట్టు, ఉబ్బిన నరాలు. తుంపర వేళ్ల మీద పడుతోంది.

"అందరూ సూదులెయ్యడానికే అట్టుకుంటారు ఈ సెయ్యి. ఇది నాదని మర్సిపోనాను బాబూ."

నేను బండిని ఇంకా నెమ్మది చేశాను. రెండు రోజుల్లో ఎడారికి తిరిగి వెళ్లిపోయాను. రిటైరయ్యి ఇంటికొచ్చి చాలా కాలమైంది. జీతమంతా దేనికి తీసుకున్నావని ఎవరైనా అడిగితే నాకు తుపాకీ గుర్తుకు రాదు. కిటికీ బయట, సముద్రం మీదికి నెమ్మదిగా విచ్చుకుంటున్న ఆ ఐదు వేళ్లే కనిపిస్తాయి.