మెట్లు దిగాల్సిన గోళీ

తిరువూరు బస్టాండు దగ్గర మా ఫ్యాన్సీ షాపు తెరవగానే పుష్పలతక్క చేసే మొదటి పని, అద్దాల అరలో గోళీల ట్రాక్ కట్టడం. రంగురంగుల ప్లాస్టిక్ గొట్టాలు, వంపులు, ఒక గరాటు, ఒక చిన్న చక్రం. పైన గోళీ వదిలితే వాటన్నిటిలోంచి తిరుగుతూ కిందికి దిగుతుంది. కొనేవాళ్లకు చూపించడానికి ఓనరు ఆదిశేషయ్యగారు ఒక పెట్టె విప్పించారు. రాత్రి షాపు మూసేటప్పుడు ఎలకల భయానికి ముక్కలన్నీ తీసి డబ్బాలో వేయాలి. పొద్దున మళ్లీ కట్టాలి. నేను గిఫ్టు ప్యాకింగ్ చేసే బల్ల దానికి ఎదురుగానే ఉంటుంది. నేను చేరిన రెండేళ్లలో నిన్న కట్టినట్టు ఇవాళ కట్టగా చూడలేదు.

అక్కది రెడ్డిగూడెం. వాళ్ల నాన్న మామిడి తోటకు కాపలా ఉండేవాడట. గోళీలాట మగపిల్లలదని అన్నలు ఆమెను దగ్గరకు రానిచ్చేవారు కాదు. వాళ్లు పోగొట్టుకున్న గోళీలు ఏరుకుని, గోడకు చేరవేసిన సిమెంటు రేకు పైనుంచి వదిలేదట. ఏ గాడిలో వదిలినా తిన్నగా వచ్చి పడేదే తప్ప పక్కకు తిరిగేది కాదు. దాన్ని ఎలా తిప్పాలా అని చిన్నప్పుడంతా ఆలోచించానని ఒకసారి భోజనాల దగ్గర నాతో చెప్పింది.

ఆమెకు పిల్లలు లేరు. అందుకని ఆమె ట్రాక్ ముందు నిలబడితే అందరికీ ఒకటే తోచేది. పక్కన గాజుల కొట్టు సామ్రాజ్యం ఓ రోజు ఉండబట్టలేక అనేసింది.

"ఒక్క నలుసు ఉంటే ఎంత బాగా ఆడుకునేదో కదే."

"నలుసుకెందుకు? నాకే కావాలి" అంది అక్క.

"నలభై దాటాక నీకు గోళీలేంటే?"

"చిన్నప్పుడు ఎవరూ ఆడనివ్వలేదుగా."

సామ్రాజ్యం నవ్వింది. అక్క నవ్వలేదు.

అక్క వాళ్లు మేడ మీద గదిలో అద్దెకుంటారు. బయటి వైపు పదహారు మెట్లు. గుమ్మం దగ్గర వదిలిన గోళీ మెట్టుమెట్టుకూ తిరిగి కింద గేటు దాకా రావాలని ఆమె కోరిక. ఎక్కడ వంపు, ఎక్కడ గరాటు అన్నీ ఆలోచించి పెట్టుకుంది. ఈసారి ఆ ట్రాక్ పెట్టెలు కొత్తగా రావని తెలిశాక ఆదిశేషయ్యగారే అన్నారు, క్రిస్మస్ హడావుడి అయ్యాక ఆ ముక్కలు నువ్వే పట్టుకెళ్లమ్మా, అట్టపెట్టె కూడా లేదు ఎవరు కొంటారు, అని. ఆ డిసెంబరంతా అక్క నడకే మారిపోయింది.

ఇరవయ్యారో తారీకు సాయంత్రం ఇంటికి పట్టుకెళ్లాలి. ఆ పొద్దున షటరు ఎత్తి అక్క ట్రాక్ కట్టేశాక, ఓనరుగారు అగరొత్తులు వెలిగిస్తుండగానే ఒకాయన ఏడెనిమిదేళ్ల పాపతో వచ్చాడు. పాప తిన్నగా అద్దాల అర దగ్గరకు వెళ్లి నిలబడింది. బొమ్మ కార్లు చూపించాం, వంటసామాను చూపించాం. అదే కావాలంది.

మా షాపులో బోణీ బేరాన్ని వెనక్కి పంపరు. నష్టానికైనా ఇచ్చి పంపుతారు. ఆ సంగతి చేరిన రోజే నాకు నేర్పింది అక్కే. ఓనరుగారు అగరొత్తులు చేత్తో పట్టుకునే ఆమె వైపు చూశారు. అది అమ్మేది కాదు అని ఆమె ఒక్క మాట అంటే ఆయన కాదనేవారు కాదు. అననీ అని నేను లోలోపల అనుకుంటూనే ఉన్నాను.

"బోణీ కదండీ, ఇచ్చేద్దాం" అంది అక్క.

ముక్కలు ఒక్కొక్కటీ తీసి గుడ్డతో తుడిచింది. నేను డబ్బాకు రంగు కాగితం చుట్టాను. ఆమె పాప ముందు గొంతుక్కూర్చుంది.

"మీ ఇంటికి మెట్లున్నాయా అమ్మా?"

"ఉన్నాయి ఆంటీ."

"నేల మీద కట్టకు. మెట్ల మీద కట్టు. గరాటు మధ్యలో పెట్టు, అప్పుడు జోరు తగ్గుద్ది. చివరిదాకా దిగిందో లేదో ఈసారి వచ్చినప్పుడు నాకు చెప్పు. మర్చిపోవుగా?"

పాప తలూపింది. పేరు అడగడం మాకెవరికీ తోచలేదు.

సంక్రాంతి వెళ్లింది, మామిడి పూత వచ్చింది. షాపు ముందు బండి ఆగితే చాలు, అక్క చేతిలో పని వదిలి తల ఎత్తుతుంది.

మొన్న ఆదివారం వినగడప బస్సులో ఆ పాప కనిపించింది. వాళ్లమ్మ పక్కన కూర్చుని కిటికీలోంచి చూస్తోంది. నాకూ వాళ్లకూ మధ్య రెండు సీట్లే. అడగాల్సింది ఒక్క మాట. లేచి కమ్మీ పట్టుకుని నిలబడ్డాను కూడా. ఎవరు నువ్వని వాళ్లమ్మ అడిగితే ఏం చెప్పాలో తేల్చుకునేలోపు వాళ్ల స్టాపు వచ్చేసింది.

ఈ సంగతి అక్కకు చెప్పలేదు. ఇవాళ కూడా షటరు ఎత్తుతూ అడిగింది, "ఆ పాపది ఏ ఊరై ఉంటుందంటావే?" అని. తెలియదక్కా అన్నాను.